నీటి అడుగుకు వెళ్లే సామాను

పూర్వం మనవాళ్లకు ట్రంకుపెట్టె, హోల్డాలు, మరచెంబు ఈ మూడూ వుంటే కాశీదాకా వెళ్లి వచ్చేవారు. బరువెంతని అడిగిన నాథుడు లేడు. కూలివాడు నెత్తిన పెట్టుకోగలిగినంతా సామానే. విమానాలు వచ్చిన తరువాత ఆ స్వాతంత్ర్యం పోయింది. మన దేశంలో తిరిగే విమానాల్లో సాధారణపు టిక్కెట్టుకు చాలాచోట్ల పదిహేను కిలోలు కిందికి, ఏడు కిలోలు చేతిలోకి. అంతకు మించితే కిలోకింత అని కట్టవలసిందే. ఈ లెక్కలో పెళ్లికి వెళ్లేవారి పట్టుచీరలే ఇమడవు. అలాంటప్పుడు సముద్రం అడుగున ఊపిరి పీల్చుకునే యంత్రాలను మోసుకుపోయేవారి గతి ఏమిటి?

ఈ ప్రశ్న నాకు మా మేనకోడలి ధర్మమా అని ఎదురైంది. ఆ పిల్లకు ఇరవైయారేళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం. రుషికొండ దగ్గర సముద్రంలో మునగడం నేర్చుకుంది. ఈతకాదు, మునగడమే. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట గొట్టం కరచుకుని, చేపలతోపాటు ముప్పావుగంటసేపు తిరిగి రావడం. దీన్ని స్కూబా అంటారు. జీతంలోంచి నెలనెలా మిగుల్చుకుని రెండేళ్లలో ఒక్కొక్క పరికరమే కొనుక్కుంది. ఇతర ఆడపిల్లలు నగలు చూపించినట్టు తను రెగ్యులేటరు చూపించేది. అండమాను వెళుతున్నాను, అత్తయ్యనూ నిన్నూ గూడా తీసుకుపోతానని పట్టుపట్టింది. సంక్రాంతి సెలవులు కలిసివచ్చాయి గనుక సరేనన్నాము.

ప్రయాణానికి రెండు రోజుల ముందు అక్కయ్యగారి ఇంటికి వెళ్లేసరికి హాలులో చాప పరిచి వుంది. చాపమీద నల్లటి సామగ్రి పరిచి వుంది. దాని నడుమ మా బావగారు కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకుని కూర్చుని వున్నారు. ఆయన రైల్వే పార్సెలు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. బంగినపల్లి మామిడి బుట్టలు మొదలు గాజుసామాను దాకా ఏది ఎలా కడితే చెక్కుచెదరకుండా చేరుతుందో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. కూతురు నీళ్లలో మునగడం ఆయనకు బొత్తిగా ఇష్టంలేదు. అది వేరే సంగతి. సామాను మాత్రం తన చేతిమీదుగా సర్దవలసిందే.

"ఏమోయ్ మేష్టారూ, ఇందులో దేనికి దెబ్బ తగిలితే ప్రాణాపాయమో ముందు అది తేలాలి. తక్కినవన్నీ ఆ తరువాత," అన్నారు.

ఈ మాటలోనే అసలు శాస్త్రమంతా వున్నదని నాకు తరువాత అర్థమైంది.

ప్రాణాపాయం రెగ్యులేటరుతో. చూడడానికి నాలుగైదు రబ్బరు గొట్టాలు వేలాడే ఇత్తడి ముద్దలా వుంటుంది. సిలిండరులో గాలిని రెండు వందల బార్ల ఒత్తిడితో కూరుతారు. మన కారు చక్రంలో వుండే గాలికి అది దాదాపు తొంభై రెట్లు. అంత ఒత్తిడి తిన్నగా నోట్లోకి వస్తే మనిషి బతకడు. రెగ్యులేటరులో మొదటి భాగం ఆ ఒత్తిడిని పది బార్ల ప్రాంతానికి దించుతుంది. నోట కరచుకునే రెండవ భాగం, మనం పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ వున్న నీటి ఒత్తిడికి సరిపడా గాలి వదులుతుంది. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో అనే నౌకాదళపు ఆఫీసరూ, ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరూ కలిసి దీన్ని పనిలోకి తెచ్చారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడపడానికి గన్యాన్ చేసిన కవాటం దీనికి మూలమట! పెట్రోలు కరువు పుణ్యమా అని మనిషికి సముద్రం అడుగున దారి దొరికింది.

కనుక రెగ్యులేటరు చేతిసంచీలోనే వెళ్లాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఎవరు ఎక్కడ విసురుతారో తెలియదు. దాని గొట్టాలను మడవగూడదు. ఇత్తడిలో గొట్టం దిగే చోట వంపు పడితే అక్కడే చీలుతుంది. పాముల బుట్టలో పాములా మెల్లగా, పెద్ద చుట్టగా చుట్టాలి. మొదటి భాగపు మూతికి ఒక చిన్న మూత వుంటుంది. దాన్ని పొడిగా తుడిచి బిగించాలి. అందులోంచి ఒక్క చుక్క ఉప్పునీరు లోపలికి పోయినా లోపలి లోహం చెడుతుంది. బావగారు దీనికి అక్కయ్య పాత నేతచీర ఒకటి చింపించారు. "పదిమంది పిల్లలను మోసిన బట్ట, దీన్ని మోయలేదా?" అన్నారు. అక్కయ్యకు పుట్టింది ఒక్కతే కూతురు గనుక ఆ పదిమంది ఎవరో మాకు తెలియలేదు. కాని వెయ్యి ఉతుకుల మెత్తని నూలుగుడ్డకు సాటివచ్చే స్పాంజి ఏ బజారులోనూ లేదన్న మాట నిజం.

తరువాతది మాస్కు. ముఖానికి పెట్టుకునే అద్దం. దానికి గట్టి పెట్టె వుంది. పెట్టె లేనివారు ఈతరెక్కల పాదాల గూటిలో దూర్చుతారట గాని, అది మంచిది కాదన్నది మా మేనకోడలు. మాస్కు అంచున వుండే తెల్లని సిలికాను నల్ల రబ్బరును తాకుతూ కొన్నాళ్లుంటే పసుపుపచ్చగా మారిపోతుంది. ఈతరెక్కలు పెట్టెలో అడుగున, వంగకుండా, చాపగా పడుకోవాలి. వంచి కుక్కితే ఆ వంపు వాటికి శాశ్వతమవుతుంది. అంగడివాడు పాదాల గూటిలో పెట్టి ఇచ్చిన ప్లాస్టిక్ అచ్చులు పారెయ్యకుండా మళ్లీ అందులోనే వుంచాలి. వెట్‌సూటును మడతపెట్టక చుట్టాలి. దాని గుడ్డలో సన్నని గాలిబుడగలు వుంటాయి. ఆ బుడగలే ఒంటి వేడిని కాపాడతాయి. ఒకేచోట మడతపడితే అవి నలిగిపోయి, ఆ గీతగుండా చలి దూరుతుంది. చుట్టిన వెట్‌సూటును బావగారు పెట్టె గోడలవెంట గడ్డిలాగ పేర్చారు. "గాజుసామానుకు గడ్డి, దీనికి ఇదే గడ్డి," అన్నారు. ఇక వీపు చొక్కా. బి.సి.డి. అంటారు. దానిలోకి గాలి నింపుతూ, తీస్తూ నీటిలో పైకీ కిందికీ పోతారు. దాన్లోని గాలి బాగా పిండి తీయాలి. విమానం పైకి పోయేకొద్దీ లోపలి గాలి మూడోవంతు దాకా ఉబ్బుతుంది గనుక, నిండుగా వదిలేస్తే కుట్లమీద భారం పడుతుంది.

కత్తి ఒకటి వుంది. వలల్లో చిక్కుకుంటే కోసుకోవడానికి. అది ఒరలో పెట్టి, దారంతో కట్టి, కిందికి పంపే పెట్టెలోనే వెయ్యాలి. చేతిసంచీలో కనిపిస్తే తనిఖీవారు ఊరుకోరు. టార్చి సంగతి తద్విరుద్ధం. నీటి అడుగున వాడే టార్చి చాలా వేడెక్కుతుంది. పెట్టెలో దానంతట అది వెలిగితే నిప్పు పుట్టవచ్చు. అందుచేత బ్యాటరీ వేరు చేయాలి, విమానసంస్థను ముందే అడగాలి. విడి లిథియం బ్యాటరీలు కింది పెట్టెలో అసలు వెయ్యగూడదు. చివరలకు టేపు అంటించి చేతిసంచీలోనే పెట్టుకోవాలి. కారణం సులువే. మనుషులున్న చోట పొగ వస్తే ఎవరో ఒకరు చూసి ఆర్పుతారు. కింది గదిలో చూసేవారెవరు?

సిలిండరు, నడుముకు కట్టే సీసపు దిమ్మలు ఎవ్వరూ మోసుకుపోరు. ఖాళీ సిలిండరే పద్నాలుగు కిలోల దాకా వుంటుంది. అవి అక్కడే అద్దెకు దొరుకుతాయి. అయినా బావగారు చొక్కా జేబులన్నీ తడిమి చూస్తే ఒక సీసపు దిమ్మ బయటపడింది. రుషికొండలో మరచి తెచ్చినదట.

"ఇదీ సంగతి. పార్సెలు కట్టేముందు జేబులు చూడాలి," అని ఆయన ఎంతో సంతోషపడ్డారు.

అక్కయ్య ఆవకాయ జాడీ తెచ్చి, "ఆ రబ్బరు చొక్కా మెత్తగా వుందిగా, అందులో చుట్టండి," అన్నది. పిల్ల కెవ్వుమన్నది. నూనె కారితే సామానంతా పాడు. చివరికి ఆవకాయ మా పెట్టెలో, మా ఆవిడ చీరల నడుమ ప్రయాణం చేసింది. అంతా తూచితే పద్నాలుగు కిలోల ఇరవై. బావగారు తెల్లకాగితంమీద గుండ్రని అక్షరాలతో వస్తువుల జాబితా రాసి, పెట్టె మూతలోపల అంటించారు. ఏది ఏ వరసలో, ఏ వైపు అన్నదంతా వుంది అందులో. పెట్టెపైన మాత్రం లోపల ఏముందో రాయనివ్వలేదు. "ఖరీదైన సరుకని దొంగకు మనమే చెప్పాలా?" అన్నారు.

విశాఖ తనిఖీలో చేతిసంచీ తెర దాటగానే ఆగింది. తెరమీద ఆ గొట్టాలు చూస్తే ఎవరికైనా అనుమానం కలుగుతుంది. మేనకోడలు విసుక్కోకుండా చీర విప్పి చూపించింది. తనిఖీ చేసిన కుర్రవాడు నోటిభాగాన్ని అటూ ఇటూ తిప్పి, "ఊపిరి ఇందులోంచేనా అండీ?" అన్నాడు. అవునన్నది. "జాగ్రత్తగా పెట్టుకోండి," అని తనే చీర మళ్లీ చుట్టి ఇచ్చాడు. తనిఖీదగ్గర ఇలాంటి సంచీతో వెళ్లేవారు అరగంట ముందు చేరుకోవడం మంచిది.

మద్రాసులో విమానం మారితే అక్కణ్ణుంచి రెండుగంటల పైచిలుకు. ఓడమీదైతే మూడురోజులు పట్టే దారి. పోర్టుబ్లెయిరుకు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. హేవ్‌లాకు ద్వీపానికి 2018లోనే స్వరాజ్ ద్వీపమని పేరు వచ్చింది. ఊళ్లో తెలుగు వినపడని వీధి అరుదు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వెళ్లి స్థిరపడినవారు తరతరాలుగా వున్నారు. చేపల బజారులో మా ఆవిడ హిందీలో బేరం మొదలుపెడితే, ఆ అమ్మి, "ఏటమ్మా, తెలుగు రాదేటి?" అన్నది. నీళ్ల సంగతి చెప్పాలంటే, ఒడ్డున నిలబడితే మోకాటిలోతు నీటిలో మన పాదాల గోళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఆ లోపలి ప్రపంచం నేను చూడలేదు. పడవలో కూర్చుని, పైకివచ్చే బుడగలను బట్టి మా పిల్ల ఎక్కడుందో ఊహించుకోవడమే నా పని. ఆ బుడగలు ఆగినట్టు కనబడిన ప్రతిసారీ పార్సెలు ఆఫీసు మాట గుర్తుకు వచ్చేది.

స్వరాజ్ ద్వీపంలో నాలుగు రోజులుండి ఊళ్లోకి తిరిగివచ్చాము. ఆఖరి రోజు దగ్గరలోని చిడియాటాపు వద్ద రెండు మునకలు. రెండవది ముగిసి పిల్ల పడవ ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు గంటలు. ఆ సాయంత్రం ఆరింటికి అక్కయ్య దగ్గరనుంచి ఫోను వచ్చింది. బావగారికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. రక్తనాళంలో అడ్డు వున్నది, రాత్రికే స్టెంటు వేస్తామన్నారట.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఒక విమానం వున్నది. పదిన్నరకు మరొకటి. ఎవరైనా మొదటిదానికే పరుగెత్తుతారు. ఫోనులో అక్కయ్యా అదే అన్నది. పిల్ల మాట్లాడకుండా చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరు తీసి చూసుకున్నది. దాని తెరమీద చిన్న విమానం బొమ్మ, పక్కన గంటల లెక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గాలిలో నూటికి డెబ్భై ఎనిమిది పాళ్లు నైట్రోజను. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి, ఆ నైట్రోజను రక్తంలోనూ కండరాల్లోనూ కరుగుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు, ముప్ఫై మీటర్ల లోతున నాలుగు రెట్లు. పైకివచ్చాక అది ఊపిరితో మెల్లగా వెళ్లిపోవాలి. అందుకు గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కితే, లోపల ఒత్తిడి నేలమీదికన్నా తక్కువ. విమానం ముప్ఫై వేల అడుగులపైన ఎగిరినా, లోపలి గాలి ఆరునుంచి ఎనిమిదివేల అడుగుల కొండమీది గాలిలా వుంటుంది. ఇంచుమించు ఊటీలో కూర్చున్నట్టే. గోళీసోడా గోళీ నొక్కితే ఏమవుతుంది? బుస్సుమని బుడగలు. అవే బుడగలు మనిషి ఒంట్లో పుడితే కీళ్లు పట్టేస్తాయి, కాళ్లూ చేతులూ మొద్దుబారతాయి, వెన్నుకు తగిలితే పక్షవాతం గూడా రావచ్చు. అందుకే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థవారు ఒక్క మునకైతే కనీసం పన్నెండు గంటలు, ఒకటికి మించి మునిగితే కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కవద్దంటారు. చాలామంది ఒక రోజంతా ఆగుతారు. విమానమనే కాదు, కొండదారి గూడా అంతే. పొద్దున్న రుషికొండలో మునిగి, మధ్యాహ్నం అరకులోయకు కారెక్కేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడింటినుంచి ఏడింటికి పదహారు గంటలు. పదిన్నరకు పంతొమ్మిదిన్నర. తేడా మూడున్నర గంటలు.

అక్కయ్యకు ఫోనులో గోళీసోడా కథ చెప్పాను. విన్నదో లేదో తెలియదు. "ఆయన దాన్నే అడుగుతున్నారురా" అన్నది ఒక్కటే. పిల్ల ఫోను తీసుకుని, "అమ్మా, నేను పదిన్నరకే ఎక్కుతాను. మావయ్య ముందు వస్తాడు. నాన్నకు నేను మూడింటికి పైకి వచ్చానని చెప్పు. ఆయనకు లెక్క తెలుసు," అన్నది. గొంతు వణికింది గాని మాట మారలేదు. అంతకన్నా గట్టి గుండె నేను ఈమధ్య చూడలేదు.

ఆ రాత్రి తను నిద్రపోలేదు. హోటలువారి నడిగి రెండు బకెట్ల మంచినీళ్లు తెప్పించుకుని సామాను నానబెట్టింది. ఉప్పునీరు ఎండితే సన్నని గళ్లుగా మారి, రబ్బరునూ లోహాన్నీ కొరుకుతుంది. రెగ్యులేటరుకు మూత బిగించి ముంచింది. నోటిభాగం మీద వుండే మీట మాత్రం నొక్కలేదు. నీటిలో నొక్కితే గొట్టంగుండా నీరు లోపలికి పోతుందట. చొక్కా లోపలికి గూడా నీరు పోసి, ఊపి, వంపేసింది. టార్చి మూత విప్పి, ఓ-రింగు తీసి తుడిచి వేరే పెట్టింది. ఓ-రింగు అంటే నీరు దూరకుండా వుండే సన్నని రబ్బరు వలయం. మూత బిగించి వుంచితే పైన ఒత్తిడి మారినప్పుడు పట్టేసి మళ్లీ ఊడిరాదు. అన్నీ పంకాకింద ఆరవేసింది. మామూలుగా ఈ పద్దెనిమిది గంటలు మనిషికెంత మేలో సామానుకూ అంతే మేలు. నీడన గాలికి పూర్తిగా ఆరడానికి సరిగ్గా సరిపోతుంది. కాని వెట్‌సూటు ఒక్క రాత్రిలో, ఆ సముద్రపు తేమలో ఆరదు. దాన్ని ప్లాస్టిక్ కాగితంలో విడిగా చుట్టవలసివచ్చింది. నేను తెల్లవారుఝామున బయలుదేరేటప్పటికి పిల్ల పెట్టె మూత తెరిచి, నాన్నగారి జాబితా వేలితో ఒక్కొక్క పంక్తీ చూసుకుంటూ సర్దుతున్నది. మా ఆవిడ పక్కన కూర్చుని అందిస్తున్నది.

నేను చేరేసరికి బావగారికి స్టెంటు వేసి, గదిలోకి మార్చారు. నన్ను చూడగానే నా వెనక ఎవరున్నారా అని వెతికారు. పదిన్నర విమానంలో వస్తున్నదని చెప్పాను. "మూడింటికా పైకి వచ్చింది?" అని, వేళ్లమీద లెక్కపెట్టి, "సరే" అని కళ్లు మూసుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి పిల్ల తిన్నగా ఆసుపత్రికే వచ్చింది. తండ్రీ కూతుళ్లు ఏమీ మాట్లాడుకోలేదు. కొంచెంసేపయ్యాక ఆయనే, "ఎంత తూగింది?" అన్నారు.

"పదహారు కిలోల ముప్పావు. వెట్‌సూటు తడి. పైకం కట్టాను నాన్నా."

"తడిసరుకు కట్టితే పార్సెలు చెడుతుంది. ముందు ఇంటికి వెళ్లి అది ఆరెయ్యి."

ఆయన వారానికి ఇంటికి వచ్చారు. ఇప్పుడు కులాసాగా వున్నారు. వెట్‌సూటు వెనకవైపు వరండాలో, ఎండ తగలని చోట, కోటు తగిలించే వెడల్పాటి హాంగరుకు వేలాడుతూ వుంటుంది. సన్నని తీగకు తగిలిస్తే భుజాలు చీలతాయని ఆయనే ఆ హాంగరు వెతికి తెప్పించారు. మాస్కు కొత్తదైతే అద్దం లోపలివైపు పళ్లపొడి పేస్టుతో రుద్ది కడగాలనీ, లేకపోతే నీటిలో మసకలు కమ్ముతుందనీ ఎదురింటివారికి గూడా చెబుతున్నారు, వారికి మాస్కు లేకపోయినా సరే. పెట్టె మూతలోపలి జాబితాలో కిందుగా కొత్త పంక్తి ఒకటి, కొంచెం వణికిన అక్షరాలతో చేరింది: "ఆఖరి మునక ఎన్నిగంటలకు? విమానం ఎన్నిగంటలకు?" పిల్ల వేసవిలో లక్షదీవులకు పోతానంటున్నది. ఈలోగా రెగ్యులేటరును ఏటా చేయించే మరమ్మతుకు పంపాలి. దాన్ని పార్సెలులో పంపడమా, మనిషిచేత పంపడమా అన్నదానిమీద ఇంట్లో చర్చ నడుస్తున్నది.